డెల్టా నేల మీద పాత క్లబ్బు భవనం: కాపాడుకునే పని అంచెలంచెలుగా

వానలు వెనకబట్టాక ఒక ఉదయం మీ క్లబ్బు వరండాలోకి వెళ్ళి, నేల నుంచి మూరెడు ఎత్తులో గోడకి అరచెయ్యి ఆనించి చూడండి. గోడ చల్లగా తగిలి, చేతికి తెల్లటి పొడి అంటుకుంటే ఆ భవనం కింద నుంచి నీళ్ళు తాగుతోందన్నమాట. కాకినాడైనా, భీమవరమైనా, అమలాపురమైనా, నరసాపురమైనా మన డెల్టాలో పాత కట్టడాలకు వచ్చే జబ్బులు చాలామటుకు అక్కడే మొదలవుతాయి. పైన పెచ్చులూడడం, రంగు పొంగడం, దూలం కొస పుచ్చిపోవడం, చెద పట్టడం ఇవన్నీ తర్వాత సంగతులు.

మా ఊళ్ళో కాలువ ఒడ్డున ఉన్న క్లబ్బు బిల్డింగ్ కమిటీలో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. ఎత్తైన హాలు, చుట్టూ వరండా, పక్కన బిలియర్డ్స్ గది, వెనక పేకాట గది, ముందు టెన్నిస్ కోర్టు. ఇలాంటి భవనం డెల్టాలో ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్ళతో పంట, పంటతో డబ్బు, డబ్బుతో కోర్టులు, మిల్లులు, వ్యాపారం వచ్చాయి. సాయంత్రం నలుగురూ కూర్చునే చోటు కావలసి వచ్చింది. తెల్లవాళ్ళ క్లబ్బులు మనవాళ్ళను లోపలికి రానివ్వని రోజుల్లో, 1873లో మద్రాసులో కాస్మోపాలిటన్ క్లబ్బు పుట్టింది. తర్వాత మన వైపు కూడా చాలా క్లబ్బులు ఆ పేరే పెట్టుకున్నాయి. ఇవి గుళ్ళూ కోటలూ కావు కాబట్టి ప్రభుత్వ రక్షణ జాబితాల్లో సాధారణంగా ఉండవు. సొంతదారులు సభ్యులే, బాధ్యత కూడా సభ్యులదే.

మొదటి మెట్టు: కాగితాలు, తీర్మానం

తాపీమేస్త్రిని పిలిచేముందు బీరువా తెరవండి. స్థలం దస్తావేజు ఎవరి పేరున ఉంది, దానంగా వచ్చిందా, లీజా, లీజైతే గడువు ఎప్పటిదాకా అన్నది చూడాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం తీయించండి, టౌన్ సర్వే రికార్డుతో హద్దులు సరిచూడండి. పాత క్లబ్బులు చాలావరకు 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటాయి. ఇప్పుడు మన రాష్ట్రంలో 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం నడుస్తోంది. ఏటా రిజిస్ట్రారుకు ఇవ్వాల్సిన జాబితాలు, లెక్కలు కొన్నేళ్ళుగా ఇవ్వకపోతే ముందు అది సర్దుకోండి. రేపు ఎవరైనా భవనం మీద కోర్టుకెక్కితే మొదట అడిగేది అదే.

తర్వాత జనరల్ బాడీలో స్పష్టమైన తీర్మానం చేయించండి. భవనాన్ని పడగొట్టం, ముఖభాగం మార్చం, మరమ్మతుల నిధి వేరే ఖాతాలో ఉంటుంది, ఆ డబ్బు ఇంకో పనికి వాడం అని మినిట్స్‌లో రాయించండి. ఇది రాతలో లేకపోతే ఏదో ఒక ఏడాది ఎవరో ఒక బిల్డర్ ప్లాను పట్టుకొచ్చి, కింద షాపులు, పైన ఫంక్షన్ హాలు, మీకు సగం మాకు సగం అంటాడు. ఆ రోజు హాల్లో ఎంతమంది ఉన్నారో, ఏ మూడ్‌లో ఉన్నారో అన్నదాని మీద నూరేళ్ళ కట్టడం ఆధారపడకూడదు.

ఇంకో మాట. కార్యవర్గం ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి మారుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో ఒకటి కనిపించేలా చేయాలని రంగులు వేయిస్తారు. అందుకే బిల్డింగ్ కమిటీకి కనీసం ఐదేళ్ళ కాలం ఇవ్వండి. పాత భవనం పని ఒక్క ఏడాదిలో తేలదు.

రెండో మెట్టు: ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం

ప్రతి గది నాలుగు గోడలు, నేల, కప్పు ఫోటోలు తీయండి. అదే చోట నిలబడి రెండుసార్లు తీయాలి. ఒకసారి మే నెలలో కాలువలు కట్టేసి ఉన్నప్పుడు, ఇంకోసారి అక్టోబరులో నేల నానిపోయి ఉన్నప్పుడు. ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే గోడ మీద చెమ్మ గీత ఎంత పైకి ఎక్కిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

కొలతలతో డ్రాయింగులు కావాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. పాత భవనాలను కొలిచి గీయడం ఆ విద్యార్థుల చదువులో భాగమే. ఉండడానికి వసతి, భోజనం ఏర్పాటు చేసి అడిగి చూడండి. వారసత్వ కట్టడాలను కాపాడే పని చేసే, 1984లో మొదలైన ఇన్‌టాక్ సంస్థ ద్వారా కూడా పాత కట్టడాల పని తెలిసిన ఆర్కిటెక్టులను పట్టుకోవచ్చు. మామూలు అపార్టుమెంట్లు కట్టే ఇంజనీరుకు సున్నపు గోడ కొత్త. ఆయన తప్పు కాదు, ఆయన చదువులో అది పెద్దగా ఉండదు.

పాత మినిట్స్ పుస్తకాలు, ఓచర్లు తప్పకుండా చదవండి. మా క్లబ్బులో ఒక పాత ఓచరులో గుల్ల సున్నం కొన్న లెక్క దొరికింది. దాంతో మా గోడల్లో వాడింది నత్తగుల్లలు కాల్చిన సున్నమని తెలిసింది. ఏ వరండా తర్వాత కలిపారు, ఏ కిటికీ మూసేశారు అన్న సంగతులు కూడా ఆ పుస్తకాల్లోనే బయటపడతాయి.

మూడో మెట్టు: నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి

డబ్బు, ఓపిక ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే.

సుమారు 12 ఏళ్ళ కిందట మేం చేసిన పని చెబుతాను. వరండా గోడ అడుగున పెచ్చులూడుతుంటే నాలుగడుగుల ఎత్తు దాకా పాత పూత చెక్కించి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం, పైన ఖరీదైన ఎమల్షన్ రంగు వేయించాం. ప్రారంభోత్సవం రోజు అద్దంలా ఉంది. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మ ఆ నాలుగడుగులూ దాటి, కిటికీల మట్టానికి ఎక్కింది. సిమెంటు పలకలు పలకలుగా ఊడి వచ్చింది, దాంతోపాటు ఇటుక ముఖం కూడా ఊడి వచ్చింది. వందేళ్ళు చెక్కుచెదరని ఇటుకను మేం రెండేళ్ళలో పాడుచేశాం. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత వచ్చిన ముసలి తాపీమేస్త్రి గోడ తట్టి చూసి, "పూత సంగతి తర్వాత చూద్దామండీ, గోడ నీళ్ళెక్కడ తాగుతోందో ముందు చూడాలండి" అన్నాడు.

కారణం ఇది. పాత ఇటుక, సున్నం మెత్తనివి, సన్నని రంధ్రాలున్నవి. నేలలో చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు పూత, ఎమల్షన్ రంగు ఆ దారి మూసేస్తాయి. నీళ్ళు ఆరే చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతాయి. మన నేలలో, ముఖ్యంగా సముద్రానికి, చేపల రొయ్యల చెరువులకు దగ్గరున్న ఊళ్ళలో, నీళ్ళతోపాటు ఉప్పు కూడా ఎక్కుతుంది. నీరు ఆరినచోట ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుకను లోపలి నుంచి పిండి చేస్తుంది. గోడ చౌడెక్కింది అని మనం అనేది దీన్నే.

నీటి దారి కనిపెట్టడానికి భవనం చుట్టూ ఒకసారి నింపాదిగా తిరగండి. నేను చూసే వరుస ఇది.

మొదట రోడ్డు. మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేస్తారు. నేలా మెరక అవుతుంది. ఒకప్పుడు ఆరు మెట్లెక్కి వెళ్ళిన క్లబ్బుకు ఇప్పుడు మూడు మెట్లే కనిపిస్తుంటే, మిగతా మూడూ మట్టిలో ఉన్నాయి. అంటే పునాది పైన ఉండాల్సిన గోడ కూడా మట్టిలోనే ఉంది. గోడ పక్కన రెండడుగుల గొయ్యి తీయించి చూస్తే అసలు మట్టం దొరుకుతుంది.

తర్వాత గోడ చుట్టూ వేసిన సిమెంటు గచ్చు. నీళ్ళు దూరంగా పోవాలని వేస్తారు గానీ, కింద నేల ఆరకుండా చేసి చెమ్మంతా గోడలోకే పంపుతుంది. లోపల ఎర్రగచ్చు మీద పరిచిన వెట్రిఫైడ్ టైల్స్ కూడా ఇదే పని చేస్తాయి. ఆ తర్వాత గోడకి ఆనించి పెంచిన పూలమొక్కల మడులు, ఏసీల నుంచి కారే నీళ్ళ గొట్టాలు, చూరు నీళ్ళు పడే చోటు, పైన ట్యాంకు పొర్లే చోటు, పగిలిన మురుగు పైపు. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. కానీ ఏసీ గొట్టం ఒక్కటి మార్చినందుకే మా పేకాట గది మూల ఒక్క వేసవిలో ఆరిపోయింది.

లోపలి గోడ మీద తడి గాలిలోదా, గోడలోదా అని అనుమానం వస్తే, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను చుట్టూ టేపుతో గోడకి అంటించి రెండు రోజులు ఉంచండి. ఫాయిల్ పైముఖాన తడి ఉంటే గాలిలోది, కిటికీలు తెరిస్తే తగ్గుతుంది. వెనక తడి ఉంటే గోడలోది.

ఇక చేయాల్సింది. గోడ చుట్టూ పేరుకున్న మట్టిని పాత మట్టం దాకా తీయించండి, సిమెంటు గచ్చు పగలగొట్టించండి. గోడకు సుమారు మీటరు దూరంలో కందకం తీసి, రంధ్రాల పైపు వేసి, చుట్టూ కంకర నింపండి. వాలు 100 అడుగులకు ఒక అడుగన్నా ఉండాలి. కందకం లోతు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పునాది అడుగు కంటే కిందికి పోకూడదు, పోతే పునాది కింద మట్టి జారుతుంది. ఊరంతా పల్లమైన చోట మున్సిపల్ డ్రెయిను మన పైపు కంటే ఎత్తులో ఉంటుంది. అప్పుడు ఒక మూల సంపు కట్టి, మోటారుతో తోడడం తప్ప దారి లేదు.

గోడలో సూదిమందులా రసాయనం ఎక్కించి చెమ్మ ఆపుతామని కంపెనీల వాళ్ళు వస్తారు. అడుగున్నర, రెండడుగుల మందం ఉన్న పాత గోడలో అది అంతటా సమంగా పాకుతుందని నాకు నమ్మకం లేదు. ముందు డ్రెయినేజీ బాగుచేసి ఏడాది చూడండి, ఆ ఖర్చు అవసరమా కాదా అప్పుడు తెలుస్తుంది.

నాలుగో మెట్టు: ఆరనివ్వడం

చౌడెక్కిన పూత, సిమెంటు పూత మెల్లగా సుత్తి, ఉలితో తీయించి గోడను ఒట్టిగా వదిలేయండి. డ్రిల్లింగ్ మెషీన్ వద్దు, ఇటుక అదురుతుంది. బయటికి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి బయట పారేయాలి. నీళ్ళతో కడిగితే మళ్ళీ గోడలోకే పోతుంది. కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం అలా వదలాలి. సభ్యులు గొడవ చేస్తారు, "ఇదేంటండీ, పాడుబడిన కొంపలా ఉంది" అంటారు. నోటీసు బోర్డులో కారణం రాసి పెట్టండి, రెండు కాలాల ఫోటోలు పక్కనే అంటించండి. మా దగ్గర ఆ ఫోటోలు చూశాకే చాలామంది నోరు మెదపలేదు.

ఈ ఏడాదిలోనే పగుళ్ళను కనిపెట్టి ఉండాలి. డెల్టా నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. పగులు మీద అడ్డంగా సన్నని గాజు పలక రెండు కొసలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, తేదీ రాయండి. మే నెలలో విరిగి, మళ్ళీ కొత్తది పెడితే వానల్లో అది కదలకుండా ఉంటే నేల ఊపిరిలాంటి కదలిక అది, భయం లేదు. కాలంతో పనిలేకుండా గాజు విరుగుతూనే ఉంటే పునాది దిగుతోంది. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరును ఆలస్యం చేయకుండా పిలవండి. గోడ పక్కన పెద్ద చెట్టుంటే దాన్ని హఠాత్తుగా నరికేయకండి. వేళ్ళు తాగే నీరు నేలలో ఉండిపోయి మట్టి ఉబ్బుతుంది. కొమ్మలు తగ్గించుకుంటూ రావడం మేలు.

ఐదో మెట్టు: సున్నం పని

పని డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా పెట్టుకోండి. తుపాన్ల భయం తగ్గుతుంది, ఎండ మండదు. సంక్రాంతికి పనివాళ్ళు వారం పది రోజులు రారు, అది లెక్కలో వేసుకోండి.

రాతిసున్నం గానీ గుల్లసున్నం గానీ తెచ్చి తొట్టిలో నానబెట్టండి. ఉడుకుతున్నప్పుడు కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి, కంట్లో పడితే చూపు పోతుంది. నానిన సున్నం నీళ్ళ కింద కనీసం నెల రోజులుండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. పూర్వం దీన్ని ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో రుబ్బేవారు, అదే డంగు సున్నం. ఇప్పుడు మోటారు గ్రైండరులో రుబ్బుతున్నారు, ఫలితంలో తేడా నాకు కనిపించలేదు.

మాకు సరిపడిన పాళ్ళు ఇవి: సున్నం ఒక పాలు, సన్నని ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు. మీ పాత పూత ముక్కను పరీక్ష చేయించి దానికి తగ్గట్టు మార్చుకోండి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలపడం పాత అలవాటు. కొలత తెలిసిన మేస్త్రి ఉంటే కలపండి, లేకపోతే వదిలేయండి. బెల్లం ఎక్కువైతే బూజు, చీమలు పడతాయి.

ఇసుక నది ఇసుకే కావాలి, అదీ సముద్రపు పోటు తగలని ఎగువ ఇసుక. ఇక నీళ్ళు. దీని గురించి ఎవరూ ఆలోచించరు. తీరం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో సున్నం కలిపితే తీసేసిన ఉప్పును మళ్ళీ మనమే గోడకి ఎక్కించినట్టు. మున్సిపల్ మంచినీళ్ళు గానీ కాలువ నీళ్ళు తేర్చి గానీ వాడండి. సున్నం గోడకి పట్టాలని వెల్లలో ఉప్పు కలిపే అలవాటు కొందరికి ఉంది, మన వైపు అది అసలు వద్దు. తుమ్మజిగురు చాలు.

పూత ఒక్కసారే మందంగా వేయకండి. అరంగుళం లోపు పొరలుగా, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి. పైన గోనెసంచులు తడిపి వేలాడదీసి, వారం పది రోజులు తేమగా ఉంచాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపెడితే పగుళ్ళిస్తుంది. చివర నాలుగైదు పలచని వెల్లలు. పాత రంగు ఏదో తెలుసుకోవాలంటే తలుపు చాటు మూలలో బ్లేడుతో పొరలు పొరలుగా గీకి చూడండి. మా హాలుకు అడుగున లేత పసుపు బయటపడింది, మళ్ళీ అదే వేశాం.

ఆరో మెట్టు: పైకప్పు, కలప

పెంకుల కప్పయితే మొత్తం దింపి, మంచివి వేరుచేసి, మళ్ళీ ఎక్కించాలి. మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు 1865లో మొదలుపెట్టిన ఈ పెంకును మనవాళ్ళు చాలాచోట్ల బెంగుళూరు పెంకు అనే అంటారు. పెంకు వెనక ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడి ఇంకో ఫ్యాక్టరీ పెంకులో సరిగా కూర్చోదు కాబట్టి ముద్ర చూసి జతపరచండి. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. పడగొట్టిన పాత మిల్లుల దగ్గర అదనంగా కొని దాచుకోండి.

మద్రాసు టెర్రస్ అయితే, అంటే టేకు పట్టెల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో వేసిన కప్పయితే, దాని మీద కాంక్రీటు పోయనివ్వకండి. ఆ బరువుకు పట్టెలు వంగుతాయి.

కలపను స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి, ముఖ్యంగా గోడలోకి దూరిన కొసలు. టేకు దూలం నడుమ భాగం రాయిలా ఉండి, గోడలో ఉన్న జానెడే పుచ్చుతుంది. మొత్తం దూలం మార్చక్కర్లేదు. పుచ్చిన కొస కోసి, పాత టేకు ముక్కను వాలు అతుకుతో కలిపి, స్టీలు పలకలు, బోల్టులతో బిగించవచ్చు. ఇది తెలిసిన వడ్రంగి దొరికితే కూలి గురించి బేరమాడకండి. మళ్ళీ గోడలో పెట్టేటప్పుడు కొస చుట్టూ అంగుళం గాలి ఆడేలా ఖాళీ వదలండి.

చెదకి మందు కొట్టే పని లైసెన్సు ఉన్నవాళ్ళతో, చెద నివారణకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం చేయించండి. గోడ, నేల కలిసే చోట అడుగుకో రంధ్రం వేసి మందు నింపుతారు. పాత ఎర్రగచ్చు ఉన్నచోట రంధ్రాలు ఎక్కడ వేయాలో మీరు పక్కనుండి చూపించండి. చెమ్మ ఆగకపోతే చెద మళ్ళీ వస్తుంది, అందుకే దీన్ని ఇంత వెనక చెబుతున్నాను.

ఏడో మెట్టు: కరెంటు, వంటగది

కలప కప్పున్న భవనాలకు నిప్పు ముప్పు ఎక్కువ. పాత వైరింగ్ మీద ఏసీలు బిగించడం చాలా క్లబ్బుల్లో చూశాను, నిజంగా టెన్షన్ పుట్టించే సంగతి. పూర్తిగా కొత్త వైరింగ్, సరైన ఎర్తింగ్, లీకేజీని పట్టి ఆపే బ్రేకర్లు తప్పనిసరి. వైర్లు గోడ చెక్కకుండా పైనుంచే పైపుల్లో తీసుకెళ్ళండి. గ్యాస్ సిలిండర్లు బయట గూట్లో ఉండాలి.

ఎనిమిదో మెట్టు: లోపలి వస్తువులు

బిలియర్డ్స్ టేబుల్ 12 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, గుడ్డ కింద సాధారణంగా ఐదు స్లేటు పలకలుంటాయి. నేల పని కోసం ఎవరూ దాన్ని తోయకూడదు, పలకలు విడదీసే పనివాడితో విప్పించాలి. గ్రూపు ఫోటోలు చెమ్మ గోడకి ఆనకుండా ఫ్రేము వెనక కార్కు ముక్కలు అతికించండి. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, అద్దంతో సహా స్కాన్ చేయించండి. మినిట్స్ పుస్తకాలకు లామినేషన్ చేయించవద్దు, సెలోఫెన్ టేపు అంటించవద్దు. రెండూ కాగితాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. నూరేళ్ళు దాటిన కళావస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తించే వీలుంది, పాత సామాను కొంటామని వచ్చేవాళ్ళకు తొందరపడి ఏదీ ఇచ్చేయకండి.

తొమ్మిదో మెట్టు: ఏటా సెప్టెంబరు పని

1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను చూసినవాళ్ళకు పెంకులు గాలికి ఎలా ఎగిరాయో గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరు ఆఖరుకల్లా చూరు వరస పెంకులు తీగతో కట్టించండి, కొప్పు పెంకుల కింద సున్నం ఊడిందేమో చూడండి. కప్పు మీదికి వాలిన నిద్రగన్నేరు కొమ్మలు, కొబ్బరి మట్టలు కొట్టించండి. చుట్టూ డ్రెయిను పూడిక తీయించి, ఒక బిందె నీళ్ళు పోసి చివరిదాకా పారుతోందా అని మీరే నిలబడి చూడండి. సంపు మోటారుకు జనరేటరు కనెక్షన్ ఉండాలి, తుపాను రోజు కరెంటుండదు. టార్పాలిన్లు, తాళ్ళు, రెండు వందల పెంకులు షటిల్ కోర్టు వెనక షెడ్డులో పెట్టి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఒకటి, సెక్రటరీ ఇంట్లో ఒకటి ఉంచండి. గాలివాన తగ్గిన మర్నాడే కిటికీలన్నీ తెరిపించి, మూరెడు ఎత్తులో గోడల మీద మళ్ళీ అరచెయ్యి పెట్టి, ఏ గోడ తడిగా ఉందో తేదీతో సహా పుస్తకంలో రాయించండి.